కూల్చి కట్టే అల్మారా

"నా వంటింట్లో అల్మారా ఎవడు పీకాడు?"

చెవులకి హెడ్‌సెట్ తగిలించుకుని కంప్యూటర్ ముందు కూర్చున్న మరుక్షణం ఆమె అన్న మొదటి మాట అది. టైలరింగ్ షాపులో పొద్దుట్నుంచీ పరాయివాళ్ళ ప్యాంట్ల అంచులు మడిచి కుట్టి కుట్టి, నడుము అప్పటికే పట్టేసి ఉంది.

"నేనే," అన్నాడతను తాపీగా. "పీకడం కాదు. ట్రైనింగ్."

ఆ ఆటలో కత్తులున్నాయి, మంత్రాలున్నాయి, నిప్పులు కక్కే డ్రాగన్లున్నాయి. ఎక్కడెక్కడి జనమో ఒకేసారి వచ్చి ఆడతారు. వీళ్ళిద్దరూ మాత్రం ఇన్నేళ్ళలో ఒక్క డ్రాగన్ జోలికి పోలేదు. కోటగోడ బయట జాగా చూసుకుని, ఇల్లు కట్టుకుంటూ కూర్చున్నారు. ఒక్కో వస్తువు చేస్తే ఇల్లు కట్టే నైపుణ్యం కాస్త పెరుగుతుంది. అది పెరిగితేనే తర్వాతి వస్తువు చెయ్యనిస్తుంది ఆట. అడవిలో చెట్లు కొట్టి చెక్కలు కోయించడం ఆమె వంతు. మేకులు కొట్టడం అతని వంతు. ఇక మిగిలింది మేడ మీద గది ఒక్కటే. దానికి నైపుణ్యం చాలడం లేదు.

అతనెక్కడో వీడియో చూశాడట. స్కిల్ గబగబా పెరగాలంటే కుర్చీలూ మంచాలూ ముచ్చటపడి చేసుకుంటూ కూర్చోకూడదట. వంటింట్లో అల్మారా కట్టాలి, కట్టగానే కూల్చాలి, మళ్ళీ అక్కడే కట్టాలి. ఆట ఇచ్చిన పనివాడు గిడ్డంగి నుంచి చెక్కలు మోస్తూనే ఉండాలి. ఇలా అయితే ఆదివారానికల్లా మేడ లేస్తుందనీ, ఇంతకంటే దగ్గర దారి లేదనీ అతను వివరిస్తుంటే ఆమెకి అరికాలి మంట నెత్తికెక్కింది.

వంటింట్లో అల్మారాకి ఆట ఇచ్చేది ఒక్కటే చోటు. అక్కడున్నది ఆమె ఏరి కోరి చేయించుకున్న నీలం అల్మారా. ఆ ఇంట్లో లేచిన మొట్టమొదటి వస్తువు.

"కూల్చేముందు నన్నో మాట అడగాలని తోచలేదా?"

"చివర్లో మళ్ళీ కట్టిస్తాగా."

"చివర్లో నా తలకాయ కట్టిద్దువు గాని, ముందా సుత్తి కింద పెట్టు."

పెట్టలేదు. ఆమె విసురుగా గుమ్మం దాటి వంటింట్లోకి నడిచింది. అతను సుత్తి ఎత్తాడు. తెర ఒక్క క్షణం నల్లబడింది. చూస్తే ఆమె వీధిలో ఉంది.

కట్టడం మొదలైతే యజమానిని తప్ప లోపలున్న అందర్నీ బయటికి తోసేస్తుంది ఆట. ఇల్లేమో ఒక్కరి పేరు మీదే ఉండాలి. ఉన్నది అతని పేరు మీద.

మళ్ళీ వెళ్ళింది. మళ్ళీ వీధిలో పడింది. పనివాడు చెక్కలు భుజానేసుకుని, ఆమె పక్కనుంచే దర్జాగా లోపలికి పోయాడు.

"నా ఇంట్లోంచి నన్నే గెంటుతావా?"

"ఇల్లు ఎవరి పేరు మీదుందో చూసుకో."

నవ్వులాటకే అన్నాడు. అన్నాక నాలుక కరుచుకున్నాడు. ఆమె ఊరుకోలేదు. ఆ వీధిలో నిలబడే అతన్ని దులిపి ఆరేసింది. నిజమైన వంటింట్లో అల్మారా తలుపు ఊడి వేలాడినన్నాళ్ళూ ఒక్క మేకు కొట్టని చేతులు, ఇక్కడ రోజంతా సుత్తి పట్టినా నొప్పెట్టడం లేదా అని అడిగింది. నూనె వెయ్యమని చెప్పీ చెప్పీ తన నోరు పడిపోయిందనీ, అతని కుర్చీ ఇప్పటికీ తన చెవిలో కిర్రుమంటూనే ఉందనీ అంది. అతనూ తక్కువ తినలేదు. కర్టెన్ల రంగు దగ్గర్నుంచి అన్నీ తన ఇష్టప్రకారమే జరగాలనీ, జరక్కపోతే వారం పాటు గిన్నెలతోనే మాట్లాడే మనిషితో ఎవడు వేగుతాడనీ దెప్పిపొడిచాడు.

ఆమె తల్లి టీ గ్లాసు తెచ్చి కీబోర్డు పక్కన పెట్టింది. "మొదలైందా? ఇదేం సంసారమో నాకర్థమై చావదు," అని గొణుక్కుంటూ తలుపు దగ్గరగా వేసి వెళ్ళింది.

"అసలంత తొందరేమొచ్చింది నీకు?" అందామె.

"మేడ గది అయితే ఇల్లు పూర్తవుతుంది. ఇక కట్టేందుకేం ఉండదు. తాళం వేసి ఆట మానేస్తా. నీకూ పీడ విరగడవుతుంది."

టీ మీద మీగడ కట్టింది. లోపల సుత్తి మోగుతూనే ఉంది, కట్టడం, కూల్చడం, కట్టడం. ఆమె పళ్ళు బిగించి గిడ్డంగి తెరిచింది. చెక్కలన్నీ ఆమె కొట్టినవే, ఆమె ఖాతాలో ఉన్నవే. పనివాడికి ఇచ్చిన అనుమతి తీసిపారేసింది.

కాసేపటికి సుత్తి ఆగింది.

"చెక్కలేవి?"

"నా దగ్గరున్నాయి. ఇల్లు నీ పేరు మీదుంటే చెక్కలు నా పేరు మీదున్నాయి."

"ఇటివ్వు."

"ఇవ్వను. రోజుకి ఒక్క అల్మారాకి సరిపడా ఇస్తా. అంతకి మించి పుల్ల కూడా ఇవ్వను."

"అలాగైతే మేడ ఈ జన్మకి లేవదు."

"లేవకపోతే ఏం? ఎవరుండాలి దాన్లో?"

కుర్చీ కిర్రుమనడం కూడా మానేసింది. పెట్టేసి పోయాడేమో అనుకుంది. ఇంతలో తెర మీద వీధి తలుపు తెరుచుకుంది. గబగబా లోపలికి నడిచింది. మిగిలిన నాలుగు చెక్కలతో కట్టినట్టున్నాడు, వంటింట్లో నీలం అల్మారా నిలబడి ఉంది.

"తలుపు అటు కాదు, ఇటు తెరుచుకోవాలి. ఎన్నిసార్లు చెప్పాలి నీకు?" అని కసిరింది.

"సరే. రేపు కూల్చి మళ్ళీ కడతా."

"చెక్కలు నేను తెస్తా. ఆలస్యంగా వచ్చావో, చూడు," అని ఠపీమని కంప్యూటర్ కట్టేసింది.

విడాకుల నాడు లాయర్లు గరిటెలతో సహా అన్నీ చెరిసగం పంచిపెట్టారు గానీ, ఈ ఇంటి సంగతి మాత్రం ఇద్దరిలో ఒక్కరూ వాళ్ళకి చెప్పలేదు.