ఆఫీసరుగారికి చేపలు

మురుగునీటి శుద్ధి కేంద్రంలో చివరి తొట్టి దగ్గర నిలబడి, అందులో ఈదుతున్న చేపలను మేనేజరు గర్వంగా చూపించాడు. "చూశారా సార్! మేం నదిలోకి వదిలే నీళ్ళు ఇవే."

"భేష్!" అన్నాడు తనిఖీకొచ్చిన ఆఫీసరు.

ఆఫీసరుకి భోజనం ఏర్పాట్లు చూడ్డానికి వచ్చి అక్కడే ఉన్న మేనేజరు భార్య, మొగుడి గొప్పకు పొంగిపోయింది. "అయితే మధ్యాహ్నం మీ భోజనంలోకి వీటినే వండుతానండీ!"

మేనేజరు ఆమెను పక్కకు లాక్కెళ్ళాడు. "మతిపోయిందా నీకు? పొద్దున బజారునుంచి తెప్పించి వదిలాను. ఆ మురుగులో సాయంత్రానికి చస్తాయి. వాటిని మనుషులు తింటారా?"

"దిగువన మా అమ్మావాళ్ళు తాగేది ఈ నీళ్ళేగా?"

"వాళ్ళకి అలవాటైపోయుంటుందిలే."

ఆమె అతణ్ణి ఎగాదిగా చూసింది. పురుగును చూసినట్టు చూసింది. తర్వాత ఆఫీసరు వైపు తిరిగి, అందరికీ వినపడేలా అంది:

"సార్, ఈ చేపలు తినకూడదంటున్నారు మా ఆయన. ఎందుకో మీరే అడగండి."