పరామర్శ

నెలన్నర కిందట కట్టిన వెదురు బద్దల్ని కట్టు వైద్యుడు జగన్నాధం చిన్నతల్లి కుడిచేతి నుంచి విప్పుతున్నాడు. అప్పుడే ఆమె ఆడపడుచు గవరమ్మ ఆమదాలవలసలో రైలు దిగి వచ్చింది. వస్తూనే తమ్ముడి పక్కన కూలబడింది.

"ఏటిరా సోములూ, ఇలగ సిక్కిపోనావు? దానికి సెయ్యి ఇరిగిన కాడ్నించి నీకు ఏలకి కూడుందో నేదో."

"ఏటి సేస్తానప్పా. అంబలి తాగి బతుకుతన్నాను," అన్నాడు సోములు.

ఆ అంబలి ఎడమచేత్తో కాచింది చిన్నతల్లే.

నిరుడు రైసు మిల్లులో సోములు కాలు విరిగితే ఊరంతా వచ్చి అతని మంచం చుట్టూ కూర్చుంది. అదే మిల్లులో చిన్నతల్లి చేతిమీద బస్తా పడినప్పుడూ ఊరంతా వచ్చింది. అప్పుడూ సోములునే ఓదార్చి వెళ్లింది.

జగన్నాధం ఎముక మీద వేలితో మెల్లగా నొక్కాడు.

"ఏటమ్మా, నొప్పెడతన్నాదా?"

చిన్నతల్లి తలెత్తి అతనికేసి చూసింది. ఈ నెలన్నరలో ఆమెను ఆ మాట అడిగిన మనిషి లేడు. నొప్పి పోయి వారమైంది.

"ఇంకా కూసింత ఉన్నాది బాబూ," అంది. "మళ్లీ మంగళారం వచ్చి అడుగు."