టైలరు గారి మతిమరుపు

టైలరు ఆ సాయంత్రం కూడా చేతులూపుకుంటూ ఇంటికొచ్చాడు.

"పొద్దున షాపుకి పట్టుకెళ్లిన గౌను అమ్ముడుపోయిందా?" అంది భార్య.

"అయ్యో! బస్సులో మరిచిపోయానే!"

ఆవిడకి ఒళ్లు మండింది. షాపులో అమ్మకానికి పెడతానంటే, కళ్లు లాగేస్తున్నా కూర్చుని ఆ గౌనుకి ఆరు గుండీలు కుట్టింది. పోయిన వారం చొక్కా పార్కు బెంచీ మీద వదిలేశాడు. అంతకు ముందు వారం చంటిపిల్లల కోటు ఆస్పత్రి వరండాలో. వెళ్లి వెతకమంటే, "ఈపాటికి ఎవరో పట్టుకుపోయుంటార్లే" అంటాడు నిమ్మకు నీరెత్తినట్టు.

రానురాను ఆవిడకి కోపం పోయి భయం పట్టుకుంది. మామగారికీ ఇలాగే మొదలైంది. చివరికి కన్నకొడుకునే "ఎవరు బాబూ నువ్వు?" అని అడిగాడాయన.

ఆదివారం చర్చిలో లేచి నిలబడింది. "అయ్యగారూ, మా ఆయన మతిమరుపు పోవాలని ప్రార్థన చెయ్యండి!"

పాస్టరు కళ్లు మూసుకుని గట్టిగా ప్రార్థించాడు. అందరూ ఆమేన్ అన్నారు. టైలరుకి మాత్రం సరిగ్గా అప్పుడే దగ్గొచ్చింది.

బుధవారం ఒక లాగు పోయింది. గురువారం ఆవిడ మొగుణ్ణి రెక్క పుచ్చుకుని డాక్టరు దగ్గరికి లాక్కెళ్లింది.

డాక్టరు తారీఖు అడిగాడు. చెప్పాడు. వందలోంచి ఏడేసి తీసేస్తూ రమ్మన్నాడు. ఎక్కడా ఆగకుండా రెండు దాకా వచ్చేశాడు. భార్య పెళ్లిబట్టల రంగు అడిగితే, అంచు కొలతతో సహా అప్పజెప్పాడు. ఆవిడ సిగ్గుపడి కిటికీ వైపు చూసింది.

డాక్టరు బుర్ర గోక్కున్నాడు. "ఎందుకైనా మంచిది, గుర్తుంచుకోవాల్సినవన్నీ ఓ పుస్తకంలో రాసుకోండి."

"రాసుకుంటూనే ఉన్నానండీ," అనేసి టైలరు నాలిక్కరుచుకున్నాడు.

"ఏ పుస్తకం? నాకెప్పుడూ చూపించలేదే!" అంది భార్య.

టైలరు గబుక్కున జేబు మీద చెయ్యి వేసుకున్నాడు. ఆవిడ ఊరుకుంటుందా! చెయ్యి తప్పించి, బుల్లి పుస్తకం లాక్కుని, రేపటి పేజీ తీసి పైకే చదివింది:

"శుక్రవారం పొద్దున ఏడింటికి, స్టేషన్లో ఊడ్చే ముసలాయన రాకముందే, మూడో బెంచీ మీద, పదింట ఒకటి చొప్పున దేవుడి వంతుగా ఆయన కోసం కుట్టిన కోటు, ఛాతీ ముప్పై ఆరు, చేతులు కాస్త పొట్టి, తప్పకుండా మరిచిపోవాలి."