అలికిన చాట

"కాగితాలా? నానవెట్టి, మెంతులేసి రుబ్బి, చాట సందులు పూడేటట్టు అలికిన బిడ్డా. గా ఇంగ్లీషు రాతలు ఎవలకు కావాలె అనుకున్న," అంది అండాలు.

నిహారిక అరుగు మీద కూలబడింది. నూట నలభై ఏళ్ల కిందట, మిషనరీ కావాలన్న ఆశతో మక్తల్ వచ్చిన ఒక తెల్ల యువకుడు తల్లికి రాసి, సిగ్గుతో పంపకుండా దాచుకున్న ఉత్తరాలవి. అతనికి వండిపెట్టినవాళ్ల ఇల్లు ఇదేనని తెలుసుకోవడానికే ఆమెకు మూడేళ్లు పట్టింది. ఆమె పరిశోధనంతా వాటి మీదే.

చాట లాక్కుని గోళ్లతో గీకింది. పెచ్చు ఊడింది. అక్షరం కనపడలేదు. ఇంకోచోట గీకింది. గోటి సందున నెత్తురు వచ్చింది.

"ఒక్కటన్నా మిగల్లేదా అవ్వా?"

అండాలు ట్రంకుపెట్టె అడుగున పరిచిన కాగితం తెచ్చిచ్చింది. నిహారిక అందులో ఉన్నది తెలుగులో చెప్పింది:

"అమ్మా, ఈసారి కూడా నన్ను మిషనరీగా తీసుకోలేమన్నారు. నేనిక దేనికీ పనికిరానేమో."

అండాలు చాట ఒళ్లోకి తీసుకుంది. ఊడినచోట వేలితో నిమిరింది. కాగితం వైపు చూసి అంది:

"పనికిరాకపోవుడేంది కొడుకా? నిన్ను అలికి రెండేండ్లాయె, ఒక్క గింజ జారలే."