అమ్మ నిలిచిన చోటు

కొండ దిగువ అడవిలో దున్నలకు ఒకటే కట్టుబాటు. రేచుకుక్కలు వస్తే దూడలను నడుమ ఉంచి, కొమ్ములు బయటికి తిప్పి వలయంగా నిలవాలి. ఏదీ వెంటపడి తరమకూడదు. అది నేర్పిన ముసలి ఆడదున్న పోయాక, ఆమె నిలిచే చోటును మంద భక్తితో ఖాళీగా వదిలేది.

ఓనాడు రేచులు సరిగ్గా ఆ సందులోంచే దూరి ఆమె మనవడి కాలు పట్టాయి.

"కాటుకా, నీ బిడ్డేనే! సందు మూయి!" అరిచింది పినతల్లి.

"అది అమ్మ చోటు పిన్నీ!"

"మీ అమ్మే ఉంటే ఖాళీగా వదిలేదటే, పిచ్చిదానా?"

కాటుక కదిలింది. రేచులను బయటికి కుమ్మేసి అక్కడే నిలబడింది. వలయం మూసుకోగానే అవి తోకలు ముడిచాయి.

దూడ కుంటుతూ వచ్చి తల్లికి ఆనుకుంది. కాటుక కూడా అమ్మకు ఆనుకునే అలవాటుతో పక్కకు ఒరగబోయింది. అమ్మ చోట తానే ఉంది.