మెచ్చుకోలు

“ఈ శాలువాలో షాబీగా ఉన్నానని బయల్దేరేటప్పుడే అన్నారండీ మావారు!” ఆఫీసు విందులో, ఆఫీసరుగారి భార్యతో మురిసిపోతూ చెప్పింది గుమాస్తా భార్య.

పక్కనే ఉన్న గుమాస్తాకి పైప్రాణాలు పైనే పోయాయి. వెలిసిపోయి, అంచులు పీలికలైన ఆ శాలువాని చూసి తను చిరాకుగా అన్న మాట అది. ఆ ఇంగ్లీషు మాటకి అర్థమేమిటని ఆవిడ అడిగితే, “హుందాగా ఉన్నావని” అంటూ తప్పించుకున్నాడు.

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వాపుకుంటూ ప్లేట్లలోకి తలలు దించేశారు. ఆఫీసరుగారి భార్య మాత్రం నవ్వలేదు. గుమాస్తాకేసి సూటిగా చూసింది.

“మరి నేనెలా ఉన్నానండీ? నన్ను కూడా అనండి ఆ మాట.”

అతనికి చెవులు కాలిపోతున్నాయి.

భర్త అవస్థ చూడలేక భార్యే ఆదుకుంది.

“ఆయనకి సిగ్గండీ. పరాయివాళ్లనెవరినీ అనరు. నన్నొక్కదాన్నే అంటారు.”