ఎండ గస్తీ

గుమ్మం ముందు గోనెసంచితో నిలబడ్డ ముసలామెను చూసి, "పాత పేపర్లు లేవమ్మా" అన్నాడు జగన్మోహన్.

"పేపర్లకు రాలే సారు. నేను గ్యాంగ్‌మన్ వాల్యా భార్యను. గంగి నా పేరు."

జగన్మోహన్ నాలుక కరుచుకున్నాడు. లోపలికి పిలిచి కుర్చీ వేశాడు. ఆమె కింద కూర్చుంది.

జనగామ నుంచి మహబూబాబాద్ దాకా సాగే రైలుదారి చరిత్రను ఎనిమిదేళ్లుగా రాస్తున్నాడాయన. రిజిస్ట్రేషన్ ఆఫీసులో ముప్పై ఏళ్లు గుమస్తాగా చేసి రిటైరయ్యాడు. భార్య పోయాక ఇంట్లో ఆయన, ఆయన చుట్టూ రైళ్ల కాగితాలు మిగిలాయి. వినే మనిషి లేక, రాసిన పేజీ తనకు తానే పైకి చదువుకునేవాడు.

పుస్తకంలో ఇక చివరి అధ్యాయమే బాకీ.

1988 మే నెల. మహబూబాబాద్ దగ్గర మిట్టమధ్యాహ్నపు ఎండకు పట్టాలు సాగి వంకరపోయాయి. గస్తీలో ఉన్న వాల్యా ఎర్రజెండా పట్టుకుని ఎదురు పరుగెత్తి, ప్యాసింజర్ బండిని ఆపాడు. ఆనాటి పేపర్ ముక్కలో ఉన్నది ఇంతే. హాజరు పట్టీలో ఆ రోజు వాల్యా పేరుంది. అంతకు మించి ఇంకో ఆధారం ఎక్కడా దొరకలేదు. అధ్యాయం పేజీన్నర దగ్గర ఆగిపోయింది.

"వాల్యా బాగున్నడా అమ్మా?"

"పోయిండు సారు. ఏడాదాయె."

"అయ్యో! ఆయన కాగితాలేమన్నా తెచ్చినవా? డ్యూటీ బుక్కు, మెమో, ఫొటో?"

"కాగితాలు లేవు. బండి ఆగిన ముచ్చట చెప్దామని వచ్చిన."

జగన్మోహన్ పెన్ను తీశాడు.

"ఆయన నీకు ఏమని చెప్పేటోడు?"

"ఆయన ఎన్నడూ చెప్పలే. ఎవలన్నా ఆ మాట తీస్తే లేసి పోయేటోడు."

జగన్మోహన్ పెన్నుకు మూత పెట్టేశాడు. భర్త చెప్పగా విన్నది కూడా లేదు, ఇంక ఈమె చెప్పేదేముంటుంది అనుకున్నాడు. అసలు కాగితం లేనిది చరిత్రే కాదంటాడాయన. పట్టిన కుందేలుకు మూడే కాళ్లు!

"జర ఇను సారు. పెద్దవంగర కాడి తండ నుంచి దేవరుప్పులల బస్సు మారి వచ్చిన."

"ప్రెస్సుకు పోవాలమ్మా, టైమైంది. ఇంకోసారి తీరుబాటుగా మాట్లాడుకుందాం."

"ఇంకోసారి వచ్చుడు నాతోని గాదు."

ఆమె లేచింది. సంచిలోంచి నాలుగు మక్కకంకులు తీసి, గుమ్మం పక్కన పెట్టి వెళ్లిపోయింది.

సాయంత్రం వాటిని ఉడకబెట్టుకుని ఒక్కడే కూర్చుని తిన్నాడు. గంగి కన్నా ముందు తన ఇంటికి మనిషి వచ్చి మూడు నెలలు దాటిందని అప్పుడు గుర్తొచ్చింది. చాయ్ అన్నా ఇవ్వకపోతిని అని నొచ్చుకున్నాడు.

మూడు నెలలకు పుస్తకం అచ్చయింది. రెండు కాపీలు సంచిలో వేసుకుని మహబూబాబాద్ రైలెక్కాడు.

ఒకటి అబ్దుల్ గనీకి. వాల్యా పనిచేసిన గ్యాంగుకు ఆయనే మేస్త్రీ. ఆ పేపర్ ముక్కను ఇన్నేళ్లు దాచి జగన్మోహన్‌కు ఇచ్చిందీ ఆయనే.

గనీ చివరి అధ్యాయం తీసి, అక్షరాల కింద వేలు పెట్టుకుంటూ చదివాడు. సగంలో ఆపేశాడు.

"మంచిగ లేదా గనీ సాబ్?"

"మంచిగనే రాసిన్రు. ఇంకో పుస్తకం ఎవలికి?"

"గంగికి. పెద్దవంగర దగ్గర వాళ్ల తండాకు తోవ చెప్తారా?"

"గంగి లేదు సార్. భూపాలపల్లిల బిడ్డ దగ్గర పానం ఇడిసింది. నెల దాటె."

జగన్మోహన్ పుస్తకం ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

"ఆమె మీ ఇంటికి రాలేదా? అడ్రస్ నేనే రాసిచ్చిన."

"వచ్చింది."

"మరి చెప్పలేదా?"

"కాగితాలేం లేవంది. నేను ప్రెస్సుకు పోయే తొందరలో ఉన్నాను."

గనీ కళ్లజోడు తీసి పక్కన పెట్టాడు.

"ఆ దినం ముచ్చట ఇంకేం తెలవదని మీకు నేను అబద్ధం చెప్పిన సార్. గంగికి మాటిచ్చి ఉంటి. 'నా మొగడు బతికున్నన్ని దినాలు ఎవలకూ చెప్పకు అన్నా, సిగ్గుతోని సస్తడు' అన్నది. వాల్యా పోయినంక నేనే చెప్పిన, జనగామల ఒక సారు రాస్తున్నడు, పోయి నీ ముచ్చట నువ్వే చెప్పుకో అని."

"ఏం ముచ్చట?"

"వాల్యాది అప్పటికి పక్కా నౌకరీ గాదు. నాలుగు నెలలు ఒక్క నాగా లేకుంట పనిజేస్తెనే పక్కా అయితది. నాగా పడ్డదా, మళ్ల మొదటి నుంచి లెక్క. ఇంక మూడు దినాలుందనంగ వడదెబ్బ తగిలి పడిపోయిండు. కండ్లు గూడ తెరవలే."

"హాజరు ఉంది కదా! నేను చూశాను."

"నేనే ఏసిన సార్. గరీబోళ్లు, నౌకరీ పోతదని ఏసిన. తర్వాత ఆఫీసర్లు వచ్చి శాలువ కప్పిన్రు. వాల్యా తల ఎత్తలే."

బయట ఏదో గూడ్సు బండి పోతోంది. జగన్మోహన్‌కు అడగాలంటే భయమేసింది, అయినా అడిగాడు.

"మరి గస్తీకి ఎవరు పోయారు?"

"మొగని అంగీ తొడుక్కొని, నెత్తికి రుమాలు చుట్టుకొని, మూడు దినాలు ఆ ఎండల పట్టాలెంబడి నడిచింది, జెండా పట్టుకొని బండికి ఎదురురికింది గంగి సార్."